పక్క బాక్సులో ఆవిడ

1987 వేసవిలో మా అమ్మమ్మకి గుంటూరులో కంటి ఆపరేషన్ చేశారు. శుక్లాలు. ఇప్పటిలా పొద్దున వెళ్ళి సాయంత్రానికి నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తిరిగొచ్చే వైభోగం కాదది. వారం రోజులు ఆస్పత్రి మంచం, ఆ తర్వాత నెలన్నర ఇంటి మంచం. కంటి మీద ఆకుపచ్చ గుడ్డ. వంగకూడదు, బరువెత్తకూడదు, గట్టిగా తుమ్మకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు. అన్నీ ఓర్చుకుంది కానీ చదవకూడదు అన్నదానికి మాత్రం గింజుకుంది. వారపత్రికల్లో సీరియల్ పేజీలు వారం వారం చింపి, సూదీ దారంతో కుట్టి, పాత క్యాలెండర్ కాగితం అట్ట వేసి దాచుకునే మనిషి. ఆవిడ దగ్గర నుంచి పుస్తకం లాక్కోవడమంటే విస్తరి ముందు నుంచి లేపేసినట్టే.

ఈ మాట ఊరికే అనలేదు. తర్వాత చెబుతాను.

నాకప్పుడు డిగ్రీ రెండో ఏడాది పరీక్షలు అయిపోయాయి. "ఖాళీయేగా, అమ్మమ్మకి తోడుండు" అని అమ్మ నన్ను రేపల్లె బస్సెక్కించింది. సంచిలో నాలుగు జతల బట్టలు, రెండు లావు పుస్తకాలు. విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాన్ మా కాలేజీ దగ్గర ఆగినప్పుడు కొన్నవి. టాల్‌స్టాయ్ 'అన్నా కరేనినా', మాస్కోలో అచ్చయిన ఇంగ్లీషు ప్రతి, రెండు సంపుటాలు, అనువాదం మార్గరెట్ వెట్లిన్. అమెరికాలో పుట్టి 1932లో రష్యా వెళ్ళి, దాదాపు యాభై ఏళ్ళు అక్కడే ఉండిపోయిన మనిషి ఆవిడ. అదంతా నాకు అప్పుడేం తెలుసు? ఇంగ్లీషు బాగుపడుతుందంటే నాన్న డబ్బులిచ్చారు, అంతే. పైగా ఆ పుస్తకాలు చవక. గట్టి అట్ట, కుట్టిన పేజీలు, తెరిస్తే వచ్చే ఆ జిగురు వాసన. ఆ వాసన తెలిసినవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు.

మూడో రోజు మధ్యాహ్నం అమ్మమ్మ అడిగింది. "ఆ లావు పుస్తకం ఏంటే? పొద్దుట్నించీ డిక్షనరీ పక్కన పెట్టుకుని కుస్తీ పడుతున్నావు."

"రష్యా నవల అమ్మమ్మా. అన్నా అని ఒకావిడ..."

"ఆడపిల్లకి అన్న అని పేరేంటే!"

అక్కడే పడింది పునాది. అన్నా కాస్తా అన్నమ్మ అయింది. ఆవిడ మొగుడు కరేనిన్ "చెవులాయన" అయ్యాడు. తర్వాత ప్రియుడయ్యే వ్రోన్‌స్కీని కలిసిన ప్రయాణం నుంచి పీటర్స్‌బర్గ్‌లో రైలు దిగుతూనే అన్నాకి మొగుడి చెవులు ఎబ్బెట్టుగా కనిపిస్తాయి. అన్నేళ్ళ కాపురంలో కనిపించని చెవులు. ఆ ఒక్క వాక్యం చెప్పగానే అమ్మమ్మ "అయిపోయింది" అంది. ఏం అయిపోయిందంటే చెప్పలేదు. వ్రోన్‌స్కీ గుర్రప్పందేల దగ్గర "గుర్రాలబ్బాయి" అయ్యాడు, చివరిదాకా అదే పేరు. అలెక్సేయ్ అలెగ్జాండ్రవిచ్, స్తెపాన్ అర్కాదియెవిచ్ లాంటివి ఆవిడకి చెప్పాల్సిన బాధ నాకు తప్పింది. పైగా ఆ నవల్లో మొగుడి పేరూ ప్రియుడి పేరూ రెండూ అలెక్సేయే.

పొద్దున్నే లేచి మూడు నాలుగు అధ్యాయాలు చదువుకునేదాన్ని. మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో నవారు మంచం మీద ఆవిడ వెల్లకిలా పడుకుంటే, నేను స్తంభానికి చేరగిలబడి తెలుగులో చెప్పేదాన్ని. ఎనిమిది భాగాలు, రెండు వందలకి పైగా అధ్యాయాలు. నిజం చెప్పాలంటే నేను మోసం చెయ్యబోయాను. పొలాలూ వ్యవసాయమూ అంటూ లెవిన్ కథ వచ్చినచోటల్లా పేజీలు తిప్పేద్దామనుకున్నా. చలాన్ని దొంగచాటుగా చదివిన వయసు నాది, ప్రేమ తప్ప ఇంకేం ఎక్కదు. కానీ ఒకరోజు నోరు జారి గడ్డికోతల సంగతి అన్నాను. అంతే, లేచి కూర్చుంది. ఎంతమంది కోశారు? నలభై రెండు మంది. యజమాని కూడా కొడవలి పట్టాడా? పట్టాడు. వరస తప్పకుండా కోశాడా? ముసలి కూలీల వెనకాల పడి తంటాలు పడ్డాడు. ఆ కోతలు మళ్ళీ రెండుసార్లు చెప్పించుకుంది. లెవిన్ ఇంట్లో, అతని భార్య కిట్టీ పుట్టింటి పద్ధతిలో నీళ్ళు కలపకుండా జామ్ కాయడం మీద, ఇల్లు చూసుకునే ముసలి ఆగాఫ్యా అలిగిన సంగతి చెబితే, ఆ ఏడు తన చేతుల మీదుగా జరగని ఆవకాయ గుర్తొచ్చి నిట్టూర్చింది. "నీళ్ళ చుక్క తగలకూడదనే కదా మనమూ చచ్చేది. రష్యా వాళ్ళకీ అదే గొడవన్నమాట."

అసలు కథలో అమ్మమ్మ నన్ను మొదటిరోజే ఓడించింది. నవల మొదలయ్యేదే అన్నా అన్నగారు స్తీవా చేసిన పనితో. పిల్లలకి చదువు చెప్పే ఫ్రెంచి ఆవిడతో సంబంధం పెట్టుకుని భార్య డాలీకి దొరికిపోతాడు. ఐదుగురు పిల్లలు. ఇల్లంతా అల్లకల్లోలం. ఆ కాపురం నిలబెట్టడానికే అన్నా పీటర్స్‌బర్గ్ నుంచి మాస్కో రైలెక్కుతుంది. అంటే మొగవాడు తప్పు చేస్తే దాన్ని సర్దడానికి ఆడపడుచు వస్తుంది, ఆ సర్దుబాటు ప్రయాణంలోనే తన కొంప ముంచుకుంటుంది. నేను ఆవేశంగా ఇదంతా వివరిస్తుంటే, అమ్మమ్మ స్తీవా గురించి విని కిసుక్కున నవ్వింది. "సరదా మనిషి" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడనిపిస్తుంది, స్తీవాని చూసి నవ్వనివాళ్ళు ఆ నవల్లోనూ లేరు, బయటా లేరని. టాల్‌స్టాయ్ కూడా ఆయన మీద కోపంగా ఒక్క పేజీ రాసినట్టు అనిపించదు. హోటల్లో ఆల్చిప్పలు తెప్పించుకుని తింటాడు, మంచి ఉద్యోగం సంపాదిస్తాడు, మళ్ళీ ఎవరి వెంటో పడతాడు. ఏ ఇంటి తలుపూ ఆయనకి మూసుకుపోదు.

బెట్సీ సంగతి ఇంకా చిత్రం. ప్రిన్సెస్ బెట్సీ త్వెర్‌స్కయా, వ్రోన్‌స్కీకి పినతండ్రి వరస కూతురో ఏదో అవుతుంది. (ఆ చుట్టరికాలు నేను అమ్మమ్మకి ఎలా చెప్పానో నాకే గుర్తులేదు. ఆవిడ ప్రతిదానికీ "అంటే వరసేమవుతుంది?" అని నిలదీసేది.) బెట్సీకి ప్రియుడున్నాడు. ఊరందరికీ తెలుసు. మొగుడు చెక్కుడుబొమ్మల ముద్రణలు పోగుచేసుకునే పిచ్చిలో ఉంటాడు. ఆవిడ ఇంట్లో విందులకి పీటర్స్‌బర్గ్ అంతా వస్తుంది. అన్నా, వ్రోన్‌స్కీ కలుసుకోవడానికి చోటిచ్చింది కూడా ఆవిడే. వ్రోన్‌స్కీ తల్లికైతే మొదట్లో ఈ సంగతి ముద్దుగానే ఉంది. పెద్దింటి ఆడమనిషితో చిన్న వ్యవహారం ఉంటే కుర్రాడికి ఒక మెరుగు వస్తుందనుకుంది. కొడుకు దానికోసం మంచి పోస్టు వదులుకున్నాడని తెలిశాకే ఆవిడ ముఖం మాడింది.

కరేనిన్ కోరింది కూడా పెద్దగా ఏం లేదు. గుర్రప్పందేల రోజు అన్నా బండిలో ఉండగానే ఉన్నదున్నట్టు చెప్పేసింది, నేను అతన్ని ప్రేమిస్తున్నాను అని. ఆయన అడిగింది బయటికి మర్యాదగా కనిపించమని. తర్వాత, ఆ మనిషి మా ఇంటికి మాత్రం రాకూడదని. దాచిపెట్టడం వస్తే ఆ ఊళ్ళో దేనికైనా చోటుంది. అన్నాకి అది రాలేదు, చేతకాలేదు. నేను ఇదంతా పెద్ద కనిపెట్టినదానిలా చెబితే అమ్మమ్మ, "ఇందులో కొత్తేముంది, మన వీధిలోనూ అంతేగా" అని అటు తిరిగి పడుకుంది.

విడాకుల దగ్గర మాత్రం ఆవిడకి చాలా అనుమానాలు. అంత గొప్పవాళ్ళు కదా, కాయితం రాసేసుకోవచ్చుగా? అప్పటి రష్యాలో పెళ్ళీ విడాకులూ చర్చి చేతిలో ఉండేవి. నవల్లో లాయరు మూడు దారులే చెబుతాడు. శారీరక లోపం, ఐదేళ్ళపాటు జాడ తెలియకపోవడం, వ్యభిచారం. మూడోదానికి ఉత్తరాలు సరిపోవు, కళ్ళారా చూసిన సాక్షులు కావాలి. ఇది చెబుతూ ఆ లాయరు గాల్లో ఎగిరే చిమ్మెటల్ని చేత్తో పట్టుకుంటుంటాడు, కొత్త కుర్చీల గుడ్డ కొరికేస్తాయని. ఎదురుగా ఒకాయన కాపురం కూలిపోయి కూర్చుని ఉంటే వీడికి చిమ్మెటల గోల. తప్పు ఎవరి మీద పడితే వాళ్ళకి మళ్ళీ పెళ్ళి చేసుకునే హక్కుండదు. అందుకే ఒక దశలో కరేనిన్, చెయ్యని తప్పు తన నెత్తిన వేసుకోవడానికి కూడా ఒప్పుకుంటాడు. అప్పుడు అన్నా కాదంటుంది. తర్వాత ఆవిడ కావాలన్నప్పుడు ఆయన ఇవ్వడు. ఎందుకివ్వడంటే, నిద్రలో పలికే ఒక ఫ్రెంచి మహానుభావుడి మాట విని.

"అంటే సోది చెప్పించుకున్నారా?" అంది అమ్మమ్మ. ఇంతకంటే మంచి అనువాదం నేను ఇప్పటికీ చెయ్యలేను.

అన్నాకీ వ్రోన్‌స్కీకీ పుట్టిన పాప చట్టం లెక్కలో కరేనిన్ కూతురే. వ్రోన్‌స్కీ ఆ మాట డాలీతో చెప్పుకుని బాధపడతాడు. ఇంకా పిల్లలు పుట్టినా వాళ్ళకీ ఆ చెవులాయన పేరే. అది విని మాత్రం అమ్మమ్మ చాలాసేపు ఏమీ అనలేదు.

నవల మొదట్లో అట్ట తిప్పగానే ఒక బైబిలు వాక్యం ఉంటుంది. పగతీర్చడం నా పని, నేనే ప్రతిఫలమిస్తాను అని దేవుడి మాట. దాన్ని చివర్లో చెప్పాను, మొదట మర్చిపోయి. "దేవుడు తన పనని చెప్పాక మళ్ళీ ఈ జనానికెందుకే ఆ తొందర?" అంది.

ఇక అయిదో భాగం. ఇక్కడికే రావాలని ఇంతసేపూ చూస్తున్నాను.

మొగుణ్ణి వదిలి వ్రోన్‌స్కీతో వెళ్ళిపోయిన అన్నా ఇటలీ నుంచి తిరిగొస్తుంది. కొడుకు సెర్యోజాని చూడనివ్వరు. అమ్మ చచ్చిపోయిందని వాడికి చెప్పారు, వాడు నమ్మలేదు. వాడి పుట్టినరోజు పొద్దున్నే, ముఖం మీద ముసుగు వేసుకుని, తను కాపురం చేసిన ఇంటికే దొంగలా వెళుతుంది. తలుపు దగ్గర ముసలి నౌకరు గుర్తుపట్టి లోపలికి పోనిస్తాడు. నిద్రమత్తులో ఉన్న పిల్లాడు అమ్మ చేతుల్లోకి ఒరిగిపోతాడు. కాసేపటికే తండ్రి వచ్చే వేళవుతుంది, పరుగున బయటపడుతుంది. ముందురోజు అంగడిలో ఏరి ఏరి కొన్న బొమ్మలు పొట్లం విప్పకుండానే మళ్ళీ బసకి తెచ్చేసుకుంటుంది.

అమ్మమ్మకి కన్ను తడవకూడదు. డాక్టర్ గట్టిగా చెప్పాడు. నేను కంగారుపడి ఆపేశాను. "చెప్పవే, నాకేం కాలేదు" అంది కానీ గొంతు వేరేగా ఉంది.

అదే రోజు సాయంత్రం అన్నా థియేటర్‌కి వెళ్ళాలంటుంది. పొద్దున కొడుకుని అలా చూసి, సాయంత్రం సంగీత నాటకానికి. వ్రోన్‌స్కీ వద్దంటాడు కానీ ఎందుకు వద్దో నోరు విప్పి చెప్పలేడు. నిన్ను అందరిముందూ అవమానిస్తారు అని ఎలా అంటాడు? పారిస్‌లో కుట్టించిన పట్టు గౌను, తల మీద ఖరీదైన తెల్ల లేసు. ఊరంతా అక్కడే ఉంది. వేదిక మీద పాట్టీ పాడుతోంది. వ్రోన్‌స్కీ ఆలస్యంగా వెళ్ళి కింద నుంచి దుర్భిణి పెట్టి చూస్తాడు. బాక్సు అంటే థియేటర్లో కొద్దిమంది విడిగా కూర్చునే చిన్న అర. అన్నా బాక్సుకి ఆనుకుని ఉన్న పక్క బాక్సులో కర్తాసవ్ దంపతులు. బక్కపలచటి ఆ భార్య లేచి నిలబడి ఉంది. ముఖం పాలిపోయి కోపంగా ఏదో అంటూ పైబట్ట కప్పుకుంటోంది. బట్టతల లావుపాటి మొగుడు ఆవిణ్ణి సముదాయిస్తూ మాటిమాటికీ అన్నా వైపు చూస్తున్నాడు. భార్య బయటికి వెళ్ళిపోయాక కూడా ఆయన ఆగాడు. అన్నా కళ్ళు కలిస్తే తల వంచి నమస్కారం పెడదామని. అన్నా కావాలనే అటు చూడలేదు, వెనక్కి తిరిగి ఎవరితోనో మాట్లాడుతోంది. ఆయన నమస్కారం పెట్టకుండానే వెళ్ళిపోయాడు. పక్క బాక్సు ఖాళీ అయింది.

అంతే సంఘటన. ఎవరూ కొట్టుకోలేదు, అరుచుకోలేదు. ఆవిడ అన్న మాట ఏమిటో కూడా ఆ క్షణంలో మనకి వినపడదు. బసకొచ్చాక, అదే గౌనుతో గోడ పక్క కుర్చీలో కూర్చుని అన్నానే చెబుతుంది. నా పక్కన కూర్చోవడం సిగ్గుచేటు అందిట.

నేను చెప్పడం ఆపాను. అమ్మమ్మ ఆకుపచ్చ గుడ్డ కింద నుంచి రెండో కన్నుతో, ఆ మసక కన్నుతో, పైన దూలాల వైపు చూస్తోంది.

"పక్క బాక్సులో ఆవిడ పేరేంటన్నావు?"

"కర్తాసవా."

"ఆ బట్టతలాయన నిజంగా దణ్ణం పెడదామనే చూశాడా?"

"అలానే ఉంది పుస్తకంలో."

ఆ రోజుకి చాలు అంది.

రెండు రోజుల తర్వాత, నేను కథ ముందుకి నడిపిస్తుంటే మధ్యలో ఆపి, ఏ సంబంధమూ లేనట్టు చెప్పడం మొదలెట్టింది. తనకి ఇరవై మూడో ఇరవై నాలుగో ఏళ్ళప్పుడు, మా అమ్మ ఇంకా చంకలో ఉండగా, బంధువుల పెళ్ళి. మగవాళ్ళ బంతులయ్యాక ఆడవాళ్ళ బంతి వేశారు. పందిట్లో విస్తళ్ళు పరిచారు. అమ్మమ్మ పక్క విస్తరి ముందు ఒకావిడ వచ్చి కూర్చుంది. పెళ్ళికూతురికి సొంత మేనత్తే. మొగుణ్ణి వదిలేసి పక్క ఊళ్ళో ఎవరితోనో ఉంటోంది. ఆవిడ పెళ్ళికి వస్తుందని ఎవరూ అనుకోలేదు. మేనకోడలి పెళ్ళి కదా, వచ్చింది.

"నేను లేచిపోయాను" అంది అమ్మమ్మ.

మామూలుగా చెప్పింది. పెళ్ళి బంతిలో మధ్యలో లేవడమంటే ఏమిటో తెలిసినవాళ్ళకి తెలుస్తుంది. అందరూ ఒకేసారి కూర్చుంటారు, ఒకేసారి లేస్తారు. పప్పు వడ్డించేశారు, బొబ్బట్టు ముట్టుకోలేదు. చంటిదాన్ని చంకనేసుకుని లేచిపోతే అవతల పక్కనున్నావిడా లేచింది. తర్వాత ఇంకొకరు.

"తాతయ్య ఏమన్నారు?"

"ఆయన నెయ్యి వడ్డిస్తున్నారు ఆ బంతిలోనే. ఆవిడ విస్తరి దగ్గరికొచ్చి ఆగారు. నేను పందిరి చివర నుంచి చూస్తూనే ఉన్నా. నెయ్యి గిన్నె వంచబోయారు. ఆవిడ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఇంకేం చేస్తారు, పక్క విస్తరికి వెళ్ళిపోయారు."

ఇంటికొచ్చాక తాతయ్య ఏమైనా అన్నారా అని అడిగాను. ఏమీ అనలేదట. వారం రోజులు అన్నంలో నెయ్యి వద్దన్నారట, అంతే. ఆ వారం సంగతి చెబుతూ కూడా అమ్మమ్మ మామూలుగానే ఉంది. నాకు మాత్రం చాలా ఇబ్బందయింది. నేను ఆ నవల చదువుతున్నన్నాళ్ళూ అన్నా పక్షాన నిలబడి, ఆ పీటర్స్‌బర్గ్ ఆడవాళ్ళందర్నీ తిట్టుకుంటున్నాను. నాకు ముద్దలు పెట్టి, జడలేసిన మనిషి ఆ పక్క బాక్సులో ఉంటుందని ఎక్కడనుకున్నాను?

ఆ నవల వెనక కథలు నాకు తర్వాతెప్పుడో తెలిశాయి. 1872 జనవరిలో టాల్‌స్టాయ్ ఇంటికి దగ్గర్లోని యాసెన్కి స్టేషన్లో అన్నా పిరగోవా అనే ఆవిడ రైలు కింద పడి చనిపోయింది. పొరుగు భూస్వామి బీబికవ్ ఇల్లు చూసుకుంటూ ఆయనతోనే ఉండేది. ఆయన మనసు ఇంట్లో పిల్లలకి చదువు చెప్పే ఇంకొకావిడ మీదికి మళ్ళింది. శవపరీక్ష జరుగుతుంటే టాల్‌స్టాయ్ వెళ్ళి చూశాడు. నవల 1875 నుంచి 1877 వరకూ 'రష్యన్ మెసెంజర్' పత్రికలో సీరియల్‌గా వచ్చింది, అచ్చం మా అమ్మమ్మ కుట్టుకున్న పేజీల్లాగే. సెర్బియా యుద్ధానికి వెళ్ళే వలంటీర్ల మీద టాల్‌స్టాయ్ రాసినదానికి సంపాదకుడు కట్కోవ్ ఒప్పుకోక చివరి భాగం వెయ్యనన్నాడు. టాల్‌స్టాయ్ దాన్ని విడిగా అచ్చు వేయించుకున్నాడు.

నాకు ఎక్కువ పట్టుకున్నది మాత్రం టాల్‌స్టాయ్ చెల్లెలు మారియా సంగతి. మొగుణ్ణి వదిలి విదేశాల్లో ఉన్నప్పుడు ఒక స్వీడిష్ ప్రభువుతో కలిసి బతికింది. 1863లో కూతురు పుట్టింది. ఆ పిల్లని తన పిల్ల అని పదిమందిలో చెప్పుకోలేకపోయింది. చివరికి షమోర్దినో మఠంలో సన్యాసినిగా స్థిరపడింది. 1910లో ఇల్లొదిలి వెళ్ళిపోయిన ముసలి టాల్‌స్టాయ్, చనిపోయే ముందు దారిలో ఆగి చూసిన మనుషుల్లో ఆవిడ ఒకతి. అంటే ఆయన ఆ సంగతంతా దూరాన నిలబడి రాయలేదు. కాకపోతే బంతిలో ఆయన ఎక్కడ కూర్చున్నాడో, నెయ్యి గిన్నె ఎవరి చేతిలో ఉందో నాకు తెలీదు.

అన్నా చావు అమ్మమ్మకి చెప్పడానికి భయపడ్డాను. ఒబిరాలవ్కా స్టేషన్, చేతిలో ఎర్ర సంచి, సంచి మణికట్టు నుంచి రాకపోవడంతో మొదటి పెట్టె దాటిపోవడం. అలవాటుగా శిలువ గుర్తు వేసుకోవడం. చివరి క్షణంలో ఎక్కడున్నాను, ఏం చేస్తున్నాను అని లేవబోవడం. అన్నీ చెప్పాను. అమ్మమ్మ చనిపోయిన అన్నమ్మ గురించి ఏమీ అడగలేదు. "పిల్లాడేమయ్యాడు?" అంది. స్కూల్లో స్నేహితులతో రైలాట ఆడుకుంటున్నాడని, అమ్మ మాటెత్తితే మొహం తిప్పుకుంటున్నాడని ఇంతకుముందు వచ్చిన అధ్యాయం గుర్తుచేశాను. "పాపని?" కరేనిన్ తీసుకెళ్ళాడని చెప్పాను. "చెవులాయన మంచోడే" అంది. అదొక్కటే ఆయనకి దక్కిన మెచ్చుకోలు.

ఆ సంక్రాంతికి మళ్ళీ వెళ్ళాను. అప్పటికి అమ్మమ్మకి సోడాబుడ్డి కళ్ళద్దాలు వచ్చాయి. చుక్కల ముగ్గు పెట్టగలుగుతోంది కానీ దగ్గర మనిషి దూరంగానూ దూరం మనిషి మీద పడ్డట్టుగానూ కనిపిస్తున్నారట. "ఇంకో రష్యా కథ చెప్పు, చిన్నది" అంది. చెహోవ్ కథ చెప్పాను, కుక్కపిల్లతో తిరిగే ఆవిడ కథ. 1899లో వచ్చింది, పట్టుమని ఇరవై పేజీలు ఉండదు. అందులోనూ హీరోయిన్ పేరు అన్నా.

"ఆ దేశంలో ఆడపిల్లలకి ఇంకో పేరే లేదా?"

యాల్తా సముద్రపు ఒడ్డు. గూరవ్‌కి నలభై నిండలేదు, పెళ్ళాం, ముగ్గురు పిల్లలు. అన్నా సెర్గేయెవ్నా పెళ్ళయి రెండేళ్ళయిన పిల్ల, ఒక్కతే వచ్చింది. హోటల్ గదిలో ఆ పిల్ల కుమిలిపోతూ కూర్చుంటే గూరవ్ బల్ల మీదున్న పుచ్చకాయలో ఒక ముక్క కోసుకుని తీరిగ్గా తింటాడు. అరగంట మాటల్లేవు. "పుచ్చకాయా!" అని అమ్మమ్మ నుదురు కొట్టుకుంది. మాస్కోకి తిరిగొచ్చాక ఒక రాత్రి క్లబ్బు నుంచి బయటికొస్తూ, పేకాటలో జతగాడైన ఆఫీసరుతో "యాల్తాలో ఎంత మనోహరమైన మనిషిని చూశానో" అంటాడు. ఆయన బండెక్కి, వెనక్కి తిరిగి, "మీరన్నది నిజమే, ఆ చేప కొంచెం వాసనొచ్చింది" అంటాడు. గుండె నిండా ఉన్న మాట చెప్పుకోవడానికి పోతే అవతలివాడి గొడవ భోజనంలో చేప.

ఇక్కడ కూడా థియేటర్ ఉంది. అన్నా ఉండే చిన్న ఊరికి వెళ్ళి, నాటకం మొదటి రోజు ఆట చూడ్డానికి గూరవ్ కూర్చుంటాడు. ఆవిడ మూడో వరసలో. విరామంలో మొగుడు సిగరెట్ కాల్చుకోవడానికి వెళ్ళగానే ఇద్దరూ మెట్ల మీదికీ వసారాల్లోకీ పరుగెడతారు. పై మెట్ల దగ్గర ఇద్దరు స్కూలు పిల్లలు సిగరెట్లు కాలుస్తూ కిందికి చూస్తుంటారు. తర్వాత ఆవిడ ఏవో జబ్బు పేర్లు చెప్పి మాస్కో వస్తుంటుంది, స్లావియాన్‌స్కీ బజార్ హోటల్లో దిగుతుంది. కథ అక్కడే ఉండిపోతుంది. ఎవరూ చావరు. ఎవరికీ తెలీదు. కష్టమైనదంతా ఇప్పుడే మొదలవుతోంది అన్నట్టుగా ఆగిపోతుంది. టాల్‌స్టాయ్‌కి ఈ కథ నచ్చలేదు, డైరీలో విసుక్కున్నాడు.

అమ్మమ్మ ఆలోచించి అడిగింది. "ఇందులో పక్కన కూర్చున్నవాళ్ళెవరూ లేచి వెళ్ళలేదా?"

"లేదు అమ్మమ్మా. తెలిస్తేగా."

"అవున్లే."

కాసేపు పూలు మాలగట్టింది. బంతిపూలు, సంక్రాంతివి. తర్వాత, "ఆ లావు పుస్తకాలు తెచ్చావా?" అంది. రెండోది తెచ్చాను. నాటకం ఉన్న పేజీ తీసి చూపించమంది. ఇంగ్లీషు ఆవిడకి రాదు. అయినా ఒళ్ళో పెట్టుకుని, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, మళ్ళీ పైకి తోసి, అక్షరాలు మసకబారని దూరం వెతుక్కుని ఆగింది.

"ఆవిడ పేరు ఎక్కడుంది?"

వేలు పెట్టి చూపించాను. తనూ నా వేలు పక్కనే వేలు పెట్టింది. చిటికెన వేలికి బంతిపూల పసుపు అంటుకుని ఉంది, అది పేజీ మీద కొంచెం పడింది.

"పైన తెలుగులో రాయి" అంది.

పెన్సిల్‌తో అచ్చు వరస మీద చిన్నగా రాశాను. కర్తాసవా. అమ్మమ్మ సీరియల్ చదివేటప్పటిలాగే పెదాలు కదుపుతూ కూడబలుక్కుని చదివింది. ఒకసారి కాదు, రెండు సార్లు.